గోడలోని రెండవ వరుస

నీలాయపాలెం దేవాలయపు తూర్పు గోడమీద దాదాపు తొంభై సంవత్సరాలుగా ఉన్న చలువరాతి పలకను దించే పనిని ప్రొఫెసర్ చెట్లపల్లి ఎబినేజరు గారు గంట కొట్టే ఏసోబుకు తప్ప మరెవరికీ అప్పగించలేదు. ఏసోబు చేయి నెమ్మదైనది. ఉలితో గోడ అంచును తడుముతాడే గాని పొడవడు.

"మాస్టారూ, తాతగారిని దించుతున్నా. అటు చెయ్యెయ్యండి."

"తాతగారిని కాదు, పలకను. మాట సరిగా రావాలి ఏసోబూ."

"పలకేనండి. బరువు మాత్రం తాతగారిదే."

కెమెరా కాళ్ళను నేలకు బిగిస్తున్న ఆయన సహాయకురాలు శర్వాణి తల తిప్పుకుని నవ్వింది. ఎబినేజరు గారు నవ్వలేదు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో కూడా వెన్ను నిటారుగా నిలిపి, పలక రెండవ అంచును తానే పట్టుకుని దించారు. దానిమీది అక్షరాలు ఆయనకు కంఠస్థం: 'ఈ ఆలయ స్థలదాత, ప్రభువు దాసుడు, బోధకుడు చెట్లపల్లి జకర్యా పంతులు.' బాల్యంలో ఆ అక్షరాలమీద వేలు పెట్టే ఆయన చదువు నేర్చుకున్నారు. తరువాత ధ్వనిశాస్త్రంలో ఎంత చదివినా, ముప్ఫై ఏళ్ళు విశ్వవిద్యాలయంలో ఎందరికి బోధించినా, తొలి పాఠం ఆ పలకే.

పలక ఉన్నచోట గోడ బయటపడింది. నాలుగడుగుల వెడల్పున, కోడిగుడ్డు పెంకులా నునుపైన పాతకాలపు గచ్చు. గాలీ చెమ్మా తగలక కొత్తదానిలా మెరుస్తోంది.

"అబ్బ! మొహం కనపడతంది," అన్నాడు ఏసోబు వంగి చూస్తూ.

"గానుగలో నూరిన సున్నం. కరక్కాయ, బెల్లం నీళ్ళు, గుడ్డు సొన. ఆడవాళ్ళు పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా గులకరాయితో రుద్దేవారు," అన్నారు ఎబినేజరు గారు. "ఇక నీవు బయటకు వెళ్ళి తలుపు వెయ్యి. గంట తాడు ముట్టుకోకు."

ఆ గులకరాయిలోనే ఆయన జీవితంలోని ఏకైక ఆవిష్కరణ ఉంది. పచ్చి గచ్చుమీద రాయి నడుస్తుండగా పక్కన ఎవరైనా మాట్లాడితే, ఆ మాటకు గాలి కదులుతుంది. గాలికి రుద్దే అరచెయ్యి అదురుతుంది. చెయ్యి అదిరితే రాయి అదురుతుంది. వెంట్రుకలో వెయ్యో వంతు లోతున ఆ అదురు గచ్చులో గీతగా మిగిలి, సున్నంతోపాటు గట్టిపడిపోతుంది. ఆ గీతను సన్నని వెలుగుతో తడిమి తిరిగి మాటగా మార్చే యంత్రానికి ఆయన 'శిలాశ్రవణి' అని పేరు పెట్టారు. ఊళ్ళో మాత్రం దానిని మాస్టారి స్టెతస్కోపు అంటారు. దానికి ఒక లోపం ఉంది. తడిమిన వెలుగు వేడికి గచ్చు మెరుపు పోయి తెల్లని పొడి అవుతుంది. ఏ గీతనైనా ఒక్కసారే చదవగలరు. గోడ రెండుసార్లు చెప్పదు.

రెండేళ్ళ క్రితం ప్రభుత్వం ఆ సాక్ష్యాన్ని చట్టబద్ధం చేసింది. ప్రార్థనా స్థలాల భూములమీద విచారణ కమిషన్ వేసింది. నీలాయపాలెం దేవాలయం ఉన్న ఎకరం ముప్ఫై సెంట్ల నేలకు దస్తావేజు లేదు. వెనకటి తుపానులో కొట్టుకుపోయింది. అది మిషను దొరలు బెదిరించి లాక్కున్న నేల అని పట్టణాభివృద్ధి సమితి అర్జీ పెట్టింది. నేల ఇష్టపూర్వకంగా ఇచ్చినదని నిరూపించలేకపోతే ఆలయం పడిపోతుంది, ఆ స్థానంలో వాణిజ్య సముదాయం లేస్తుంది. అందుకే ఈ రోజు కమిషన్ గుమాస్తా, సీలు వేయవలసిన పెట్టెతో, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

శర్వాణి మీట నొక్కింది. దారపు పోగంత వెలుగు గచ్చుపైన ఎడమ నుండి కుడికి పాకింది. దాని వెనుక పొడి రాలింది. ఇద్దరూ చెవులకు యంత్రపు గొట్టాలు తగిలించుకుని నిలబడ్డారు.

మొదట రాయి రుద్దుడు. తరువాత ఎక్కడో బండి చక్రం. ఆపైన ఒక స్త్రీ గొంతు, గోడకు అంత దగ్గరగా, ఎబినేజరు గారి భుజం పక్కనే నిలబడి మాట్లాడినట్లు:

"ఈ నేల నా మొగుడి తాత కాణ్ణించి మాదే పంతులయ్యా. ఎవురూ అడగలా, ఎవురూ బెదిరించలా. నా అంతట నేనే దేవుడికి ఇస్తన్నా. ఈ రాయి సాచ్చి."

"దేవుడు నిన్ను ఆశీర్వదించుగాక పోలమ్మా," అంది ఒక మగ గొంతు.

ఎబినేజరు గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన పుట్టకముందే కన్నుమూసిన మనిషి గొంతు అది. తమ తండ్రి గొంతులోని గరగర అందులో ఉంది. తన గొంతులోనిది కూడా.

ఆ తరువాత రాయి రుద్దుడు మళ్ళీ పెద్దదైంది. వరుస చివరకు వస్తుండగా, ఆ రుద్దుడు అడుగున, వినీ వినపడనట్టు స్త్రీ గొంతు ఇంకొక్కసారి: "అయితే పంతులయ్యా, ఒక్క మాట..."

వరుస అయిపోయింది. వెలుగు ఆరింది.

శర్వాణి గొట్టాలు తీసి ఆయన వైపు చూసింది. ఆ మొదటి వరుసకు కింద, బొటనవేలి వెడల్పున, రెండవ వరుస చెక్కు చెదరకుండా మెరుస్తోంది.

*

"స్థలదాత మా తాత కాదు," అన్నారు ఆయన మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుని.

ఆయన భార్య ఫ్లోరెన్సమ్మ చేపల పులుసు వడ్డిస్తూ ఆగింది. మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఆరేళ్ళు నర్సుగా, మేట్రనుగా పని చేసిన మనిషి. ఏ వార్త విన్నా ముందు రోగి నాడి చూసినట్లు చూస్తుంది.

"మరెవరు?"

"పోలమ్మ అనే స్త్రీ. గచ్చు రుద్దిన మనిషి. కింది పేట కూలి మనిషై ఉంటుంది."

"నేలిచ్చి, ఆ నేలమీద కూలికి గచ్చు కూడా రుద్దిందా? బాగుంది. తినండి, చల్లారుతుంది."

ఆయన తినలేదు. చేయి కడుక్కుని వసారాలో పచార్లు మొదలుపెట్టారు. అల్మరాలోని పుస్తకాల వెన్నులు సరిచేశారు. గడియారానికి కీ ఇచ్చారు, ఉదయమే ఇచ్చిన సంగతి మరచి. ఒక్క మాట. ఏ మాట? నేలలో వాటా అడిగిందా? ఏదైనా శాపం పెట్టిందా? లేక ఒట్టి మాటేనా, కూలి సంగతో, పిల్లవాడి జ్వరమో?

"కాలుగాలిన పిల్లిలా ఏమిటండీ తిరుగుడు?" అంది ఆమె గిన్నెలు సర్దుతూ. "ఆ మిగతాది చదివేస్తే పోలా?"

"ముందుగా చదవడానికి అనుమతి ఒక్క వరుసకే. మిగతాది కమిషన్ ఎదుట తప్ప చదవకూడదు. ఎవరైనా ఒకరు అడగాలి. అడగవలసిన అవసరం ఉందని చెప్పవలసింది నిపుణుడు. నిపుణుణ్ణి నేను."

"మరి చెప్పండి."

ఆయన సమాధానం చెప్పేలోపు గేటు చప్పుడైంది. సంఘ కార్యదర్శి విక్టర్‌బాబు చెప్పులు విడుస్తూనే చేతులెత్తాడు.

"ప్రైజ్ ద లార్డ్ మాస్టారూ!"

"వందనాలు అను. తెలుగులో కూడా ఆయనకు వినపడుతుంది."

"వందనాలు వందనాలు. శర్వాణి మేడమ్ చెప్పారు, దేవుడు అద్భుతం చేశాడటగా! 'నా అంతట నేనే ఇస్తన్నా' అందంటగా! రాళ్ళు కేకలేసే రోజొచ్చిందని ఆదివారానికి పాస్టరు అయ్యగారు ప్రసంగం రెడీ చేస్తన్నారు." అతడు సంచిలోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు. "సంతకం ఒక్కటి పెట్టండి. లాయరు గారు టైపు చేయించారు."

ఎబినేజరు గారు కళ్ళద్దాలు సవరించుకుని చదివారు. అఫిడవిట్‌లో అంతా ఉన్నది ఉన్నట్లే ఉంది. చివరి వాక్యం తప్ప: 'గోడలోని మిగిలిన భాగము చెమ్మకు చెడిపోయినందున చదువుటకు వీలుకాదని నిపుణుడనైన నేను ధ్రువీకరించుచున్నాను.'

"చెమ్మా? ఆ గచ్చులో మొహం చూసుకుని మీసం దువ్వుకోవచ్చునయ్యా!"

"ఆ 'ఒక్క మాట' సంగతి కూడా మేడమ్ చెప్పింది మాస్టారూ," అన్నాడు విక్టర్‌బాబు గొంతు తగ్గించి. "అది మీకూ ఆవిడకీ తప్ప మామూలు చెవికి వినపడదంట. సమితి వకీలుకి అసలే తెలీదు. ఏం మాటో మనకెందుకు? మంచిదైతే మనకి కొత్తగా వచ్చేది లేదు. చెడ్డదైతే గుడి పోద్ది. పైగా ఎమ్మెల్యే గారు మొన్న సెమీ క్రిస్మస్ స్టేజీ మీద అందరి ముందూ చెప్పారు, విచారణ సాఫీగా అయితే ప్రహరీ గోడ ఆయనే..."

"ఆ కేకు కోసిన చేత్తోనే ఆయన సమితి ఆఫీసుకు రిబ్బను కూడా కోశాడు. నేను పేపరు చదువుతాను విక్టరూ."

"రాజకీయం అంటే అంతేగా మాస్టారూ. మన ఓట్లు మూడు వేలు. ఆయన అవసరం ఆయనది, మన అవసరం మనది."

"దేవుని మందిరాన్ని ఓట్ల లెక్కమీద నిలబెట్టడం నా బుద్ధికి అందని విషయం."

విక్టర్‌బాబు లేచాడు. చెప్పులు వేసుకుంటూ, ఎంతో మర్యాదగా, అసలు బాణం వదిలాడు. "పలక సంగతి కూడా ఆలోచించండి. మేమైతే మళ్ళీ అక్కడే పెట్టేస్తాం. స్థలదాత అంటే స్థలం ఇప్పించినవాడని చెప్పుకోవచ్చు. మీరు ఇంకా తవ్వితే, పంతులుగారి పేరు ఎక్కడ తేలుతుందో నాకు తెలీదు. బుధవారం విచారణ. కాగితం ఉంచి వెళ్తన్నా."

అతడు వెళ్ళాక ఫ్లోరెన్సమ్మ వచ్చి కాగితం చదివింది. బల్లమీది సిరాబుడ్డి తీసి అల్మరాలో పెట్టి, తాళం వేయకుండా వదిలింది.

*

మంగళవారం ఉదయం శర్వాణి యంత్రపు అద్దాలు తుడుస్తోంది. ఆమెకు ఏ దేవుడిమీదా నమ్మకం లేదు. ఆ సంగతి చేరిన మొదటి రోజే చెప్పింది. ఆయన, 'మంచిది, కొలతలు సరిగా తీస్తే చాలు' అన్నారు. ఆరేళ్ళలో ఆమె కొలత ఒక్కటీ తప్పలేదు.

"కార్యదర్శికి ఎందుకు చెప్పావు?"

"అడిగారు సార్. అబద్ధం చెప్పాలని తట్టలేదు." ఆమె గుడ్డ మడత పెట్టింది. "కానీ ఒక మాట చెప్పనా? మీరు ఆ అఫిడవిట్ మీద సంతకం పెడితే నేను నోరెత్తను. వేరే ఏ గోడైనా అయితే ఒప్పుకోను. ఇది మీ విశ్వాసం విషయం. మీ వాళ్ళ గుడి. నాకర్థమవుతుంది."

ఆమె ఆ మాటలు దయతోనే అంది. ఆ దయే ఎబినేజరు గారిని కొరడాలా తాకింది. ఆయన మొహం ఎర్రబడింది.

"అమ్మాయ్, నా విశ్వాసానికి నీవు రాయితీ ఇస్తున్నావా?"

"అయ్యో, అది కాదు సార్..."

"అదే. పిల్లవాడి బొమ్మను విరగ్గొట్టవద్దని పెద్దవాళ్ళు కళ్ళతో సైగ చేసుకున్నట్లుంది. సున్నంలో గీత నిలిచే నియమాన్ని నీవూ నేనూ చేయలేదు. ఎవరు చేశారన్న దగ్గర మనకు తగవు. కాని ఆ నియమం చూపే దానిని చూడనని నేను కళ్ళు మూసుకుంటే, నేను మూసుకునేది నీ విజ్ఞానశాస్త్రం ముందు కాదు, ఆయన ముందు."

"మరి రేపు చదువుతారా?"

మూడు వందల కుటుంబాలు. అక్కడే బాప్తిస్మాలు, అక్కడే పెళ్ళిళ్ళు. వెనుక సమాధుల తోటలో తాత, నాయనమ్మ, తల్లి, తండ్రి. తండ్రి పక్కన తనకోసం రాయి పాతి ఉంచిన చోటు. ఒక స్త్రీ నోటిలో ఏముందో తెలియని ఒక్క మాటకోసం ఇదంతా సమితి బుల్‌డోజరు కింద పెట్టే హక్కు తనకెవరిచ్చారు?

"తెలియదు," అన్నారు చివరకు. శర్వాణి ఆయన నోట ఆ పదం వినడం అదే మొదలు.

ఇంటికి తిరిగి వస్తూ ఆయన కాలువ గట్టు దారి పట్టారు. ఎందుకో ఆయనకే తెలియదు. గట్టు వాలులో కింది పేట వారి సమాధులు. సిమెంటు శిలువలు కొన్ని వంగిపోయాయి, కొన్నింటి కింద మట్టే లేదు. ఏసోబు అక్కడ మోకాళ్ళమీద కూర్చుని, ఇసుక సంచులు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాడు.

"ఏమిటయ్యా ఇది?"

"దీనమ్మకండి. పోయిన వరదకి కాళ్ళకాడ మట్టి జారింది. ఈ వానలకి ఇంకాస్త జారుద్దేమోనని," అన్నాడు ఏసోబు లేవకుండానే. "మీరు ఎండలో వచ్చారేంది మాస్టారూ?"

ఎబినేజరు గారు ఏదో అన్నారు. ఏమన్నారో తరువాత గుర్తు లేదు. గుర్తున్నది మరొకటి. నాలుగేళ్ళ క్రితం అతని భార్య దీనమ్మ పోయినప్పుడు, తోటలో చోటిమ్మని ఏసోబు పెట్టుకున్న అర్జీ. తోట కమిటీకి అప్పుడు అధ్యక్షులు తామే. నియమావళి తెరిచి చూశారు. తోట స్థాపక కుటుంబాలకు మాత్రమే. నియమం నియమమే. తన చేతితోనే చక్కగా జవాబు రాసి పంపారు.

*

బుధవారం పది గంటలకు ఆలయం కిక్కిరిసింది. పై పేట వారు ముందు బల్లలమీద, కింది పేట వారు వెనుక చాపలమీద. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, ఎప్పుడూ అలాగే కూర్చుంటారు. బలిపీఠం ముందు వేసిన బల్ల వద్ద కమిషనరు గారు కూర్చున్నారు. పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి. చెవిలో యంత్రం, చేతిలో దగ్గు బిళ్ళల డబ్బా. కుడివైపు సమితి వకీలు, ఎడమవైపు సంఘం వకీలు, ఆయన వెనుక విక్టర్‌బాబు. ఏసోబు గుమ్మం దగ్గర గంట తాడు పక్కన నిలబడ్డాడు.

సీలు విప్పి మొదటి వరుస రికార్డు వినిపించారు. "నా అంతట నేనే దేవుడికి ఇస్తన్నా" అన్న మాట ఆలయమంతా మోగింది. వెనుక చాపలమీద ముసలమ్మలు "స్తోత్రం" అన్నారు. విక్టర్‌బాబు కళ్ళు తుడుచుకున్నాడు. అవి నిజమైన కన్నీళ్ళే. సమితి వకీలు మొహం మాడింది.

"నిపుణుల అఫిడవిట్?" అన్నారు కమిషనరు గారు.

విక్టర్‌బాబు తలతో సైగ చేశాడు. ఎబినేజరు గారు లేచి, కోటు జేబులోంచి మడిచిన కాగితం తీశారు. సంతకం చోటు ఖాళీగానే ఉంది. రెండవ బల్లలో ఫ్లోరెన్సమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఆపరేషను గది బయట కూర్చున్నట్లు కూర్చుంది.

"అయ్యా, ఈ కాగితంలో ఒక వాక్యం సత్యం కాదు. అందువల్ల సంతకం చేయలేదు. మిగిలిన గచ్చు చెడిపోలేదు. అందులో ఇంకా ఒక మాట ఉంది. ఏమిటో నాకు తెలియదు. మా సంఘానికి అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో కూడా తెలియదు. చదవవలసిన అవసరం ఉందని నిపుణుడిగా మనవి చేస్తున్నాను."

"మాస్టారూ!" అన్నాడు విక్టర్‌బాబు. అది పిలుపులా లేదు.

సమితి వకీలు స్ప్రింగులా లేచాడు. "మా అభ్యంతరం లేదండి. మేమే కోరుతున్నాం!"

"ఇప్పుడు కోరుతున్నారు," అన్నారు కమిషనరు గారు పొడిగా, బిళ్ళ నోట్లో వేసుకుంటూ. "కానివ్వండి."

ఎబినేజరు గారు స్వయంగా యంత్రం దగ్గరకు నడిచారు. మరను రెండవ వరుసకు దించారు. శర్వాణి తన చేయి సాయం పెట్టబోయి, మానుకుంది. వెలుగు పాకింది. పొడి రాలింది. ఈసారి గొంతులు చెవి గొట్టాల్లో కాక, ఆలయం నాలుగు మూలలా వినపడ్డాయి.

"...ఒక్క మాట. మేం కూలోళ్ళం. ఇది ఇచ్చినాక మాకు వాకిలే లేదు, ఇంక పూడ్చుకునే చోటెక్కడిది? ఈ నేల ఇస్తన్నా గాని, రేపు నా వోళ్ళు పోతే గట్టున పారేయొద్దు. మీ వోళ్ళ పక్కనే పడుకోబెట్టాలి. ఒకే తోట. ఒకే గోడ లోపల. అట్టయితేనే."

రాయి రెండుసార్లు రుద్దింది.

"మాట ఇస్తున్నాను పోలమ్మా," అంది జకర్యా పంతులు గొంతు, స్పష్టంగా, ప్రసంగ వేదిక మీద నుండి పలికినట్లు. "దేవుని ఎదుట. మీవాళ్ళూ మావాళ్ళూ ఒకే తోట. నేనుగాని నా పిల్లలుగాని ఈ మాట తప్పితే, ఈ నేలమీద మాకు హక్కు లేదు."

ఆపైన రాయి రుద్దుడు తప్ప మరేమీ లేదు. పోలమ్మ పనిలో పడింది. పొడి నేలమీద చిన్న కుప్పగా మిగిలింది.

వెనుక నుండి ఈసారి స్తోత్రం రాలేదు. ఎబినేజరు గారు గోడవైపే తిరిగి ఉన్నారు. తాత మాట తప్పాడా? లేక తాత తరువాత ఎవరో తప్పి, దానిని నియమావళిగా రాశారా? గోడ ఆ సంగతి చెప్పదు. కాని ఆఖరుసారి ఎవరు తప్పారో గోడను అడగవలసిన పని లేదు.

"సుస్పష్టం!" అన్నాడు సమితి వకీలు. "షరతుతో కూడిన దానం. షరతు పాటించలేదని కాలువ గట్టు చూస్తే చాలు. దానం రద్దు. సంఘానికి ఈ నేలమీద హక్కు లేదని వాళ్ళ పంతులే చెప్పాడు!"

"ఔను, రద్దు," అన్నారు కమిషనరు గారు. "అయితే నేల మీ సమితికి ఎలా వస్తుంది? దానం రద్దయితే ఇచ్చిన మనిషికి పోతుంది. ఆమె వారసులు ఎవరు?"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమ్మం దగ్గర నుండి ఒక గొంతు, ఎవరితోనో చెప్పుకుంటున్నట్లు, వినపడింది.

"పోలమ్మంటే మా తాతమ్మండి. మా అమ్మ చెప్పేది. ఈ గచ్చు ఆమే రుద్దిందని చెప్పేది గాని, నేల సంగతి మాకు తెలవదు."

నూరు తలలు ఏసోబు వైపు తిరిగాయి. అతడు గంట తాడు గట్టిగా పట్టుకున్నాడు.

*

కమిషన్ కాగితాలు తేలడానికి మూడు నెలలు పట్టింది. కింది పేట వృద్ధుల వాంగ్మూలాలు, పాత బాప్తిస్మపు రిజిస్టరులో పోలమ్మ పేరు, అన్నీ సరిపోయాయి. నేల ఏసోబుది. ఆ మూడు నెలల్లో అతని గుడిసె ముందు ఆగని కారు లేదు. సమితి వారు వచ్చి 'ఏసోబు గారూ' అన్నారు. ఎమ్మెల్యే మనుషులు వచ్చి 'ఏసోబన్నా' అన్నారు. విక్టర్‌బాబు ఇంట్లోంచి కుర్చీ తెచ్చి అతణ్ణి కూర్చోబెట్టి, తాను నిలబడ్డాడు. ఏసోబు అందరికీ టీ ఇచ్చి పంపాడు. ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ గంట మాత్రం ఒక్కరోజూ తప్పలేదు.

ఆ మూడు నెలలూ ఎబినేజరు గారిని ముందు బల్లలో పలకరించినవారు తక్కువ. గుడిని అమ్మిన మనిషి అని ఒకరు, తాతను నడివీధిలోకి ఈడ్చిన మనిషి అని ఇంకొకరు. ఆయన నిటారుగా వచ్చి, నిటారుగా కూర్చుని, నిటారుగా వెళ్ళారు. ఇంట్లో మాత్రం ఒకచోట నిలవలేకపోయేవారు. ఫ్లోరెన్సమ్మ గడియారం కీ తీసి దాచేసింది.

తీర్పు కాగితం వచ్చిన మరుసటి ఉదయం ఏసోబు కబురు పంపాడు, తోట దగ్గరకు రమ్మని. ఆయనను ఏసోబు రమ్మనడం అదే మొదలు. వెళ్ళేసరికి ఏసోబు చేతిలో పార, పక్కన కింది పేట వారు నలుగురు. విక్టర్‌బాబు ప్రహరీ దగ్గర గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"గుడి ఇక్కడే ఉంటదండి," అన్నాడు ఏసోబు ఉపోద్ఘాతం లేకుండా. "మా తాతమ్మ దేవుడికిచ్చింది. తిరిగి తీసుకోటానికి నేనెవర్ని? ఇయ్యాల మళ్ళీ రాసిచ్చేస్తా. కాయితంలో ఆ ఒక్క మాటా ఉంటది. ముందు మాత్రం దీనమ్మని లోపలికి తెచ్చుకుంటా."

విక్టర్‌బాబు ప్రహరీకి ఆనుకుని అలాగే కూలబడి, మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ఎబినేజరు గారు మూడు నెలలుగా మనసులో దిద్దుకున్న మాట ఒకటి ఉంది. తండ్రి సమాధి పక్కన, రాయి పాతిన తన చోటు వైపు చేయి చూపారు.

"ఏసోబూ, అది నా చోటు. దీనమ్మను అక్కడ ఉంచు. నేను కోరి ఇస్తున్నాను."

ఏసోబు ఆ వైపు చూశాడు. గరికలో నిలబడ్డ పొడవైన రాయి, దానిమీద ముందే చెక్కించిన పేరు. తల అడ్డంగా ఊపాడు.

"అక్కడొద్దండి. మీరే ఉండండి అక్కడ. దీనమ్మని తూర్పుగోడ పక్కన పెడతా, ఆ మాట ఇచ్చినకాడ." అని, ఆగి, "ఒక్క సంతకం మాత్రం కావాలండి," అన్నాడు.

చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో రేషను కార్డు, దీనమ్మ పాస్‌పోర్టు సైజు ఫోటో, నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర చిరిగి, వెనుక టేపు అతికించి ఉంది. ఆ కాగితం విప్పి ఆయన చేతికిచ్చాడు.

"రూలు ప్రకారం ఈ కాయితం కొట్టేస్తేనే గదండీ లోపలికి తేవాలి. మీరు రాసింది మీరే కొట్టెయ్యండి."

'శ్రీ ఏసోబుకు. మీ అర్జీ పరిశీలించడమైనది. నియమావళి మూడవ అధ్యాయము, ఏడవ నిబంధన ప్రకారము సమాధుల తోటలో స్థలము స్థాపక కుటుంబములకు మాత్రమే ప్రత్యేకింపబడినది. కావున మీ కోరిక మన్నించుటకు వీలులేకపోయినందుకు చింతించుచున్నాము. ప్రభువునందు, చెట్లపల్లి ఎబినేజరు, అధ్యక్షుడు.'

ఎండ పైకెక్కుతోంది. ఏసోబు పార మట్టిలో గుచ్చి ఎదురుచూస్తున్నాడు. ఎబినేజరు గారు కోటు జేబులోని పెన్ను తీసి, కాగితాన్ని తాత సమాధి రాతిమీద పరిచి, మొదటి నుండి చివరిదాకా మరొకసారి చదివారు. చక్కని దస్తూరి. అక్షరం ఎక్కడా తొణకలేదు. కొట్టివేత ఒక్కటీ లేదు. ఒక్క తప్పు కూడా లేదు, కొట్టవలసినదంతా తప్ప. ఆయన పెన్ను మూత తీశారు.